చర్చి పద్దు, ఓటరు జాబితా



నల్లమల అంచున ఉన్న లింగాలలో కూర్చుని 17వ శతాబ్దపు అమెరికా ప్యూరిటన్ల ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన పాలమూరులో బడులు, ఆస్పత్రులు పెట్టిన మిషన్లలో ముఖ్యమైనవి రెండు: అమెరికన్ బాప్టిస్టు మిషన్, మెన్నొనైట్ బ్రదరన్ మిషన్. మతమూ రాజ్యమూ ఒకే చేతిలో ఉండకూడదని పోట్లాడి, అందుకు దెబ్బలు తిన్నవారి వారసులు వీళ్లు. బాప్టిస్టులను అమెరికాలో కొట్టినవారిలో ప్యూరిటన్లూ ఉన్నారు.

ఇంగ్లండు చర్చిలో కాథలిక్కు ఆచారాలు ఇంకా మిగిలి ఉన్నాయని, వాటిని కడిగెయ్యాలని పట్టుబట్టినవారు ప్యూరిటన్లు. 1630లో జాన్ విన్‌త్రాప్ నాయకత్వంలో దాదాపు వెయ్యిమంది మసాచుసెట్స్ చేరారు. వాళ్ల పాలనను మలిచిన నమ్మకాలు రెండు. సమాజమంతా దేవుడితో ఒక ఒడంబడిక చేసుకుందనేది మొదటిది. రక్షణ ఎవరికి దక్కాలో దేవుడు ముందే నిర్ణయించాడనేది రెండోది.

మొదటి నమ్మకం నుంచి చాలా మంచి పుట్టింది. బిషప్పుల పెత్తనం లేకుండా ప్రతి సంఘం తన పాదిరీని తానే ఎన్నుకునేది. ఆ అలవాటే ఊరి సభకూ పాకింది. భూమి పంపకం, దారులు, పశువుల కంచెలు అన్నీ అక్కడే తేల్చుకునేవారు. గవర్నరును కూడా ఏటా ఎన్నుకునేవారు. బైబిలు ఎవరికి వారే చదువుకోవాలి కాబట్టి, యాభై ఇళ్లున్న ప్రతి ఊరూ చదువు చెప్పే మనిషిని పెట్టుకోవాలని 1647లో చట్టం చేశారు. నూరిళ్లుంటే గ్రామర్ స్కూలు పెట్టాలి.

రెండో నమ్మకం తలుపులు మూసింది. చర్చి సభ్యులైన మగవారికే ఓటని 1631లో తీర్మానించారు. సభ్యత్వం ఊరికే రాదు. దేవుడి కృప తనను తాకిందని సంఘం ముందు నిలబడి చెప్పాలి, సంఘం నమ్మాలి. పాదిరీలు ప్రభుత్వ పదవులు చేపట్టేవారు కాదు. అలాగని చర్చి ప్రభుత్వానికి దూరంగా ఉందనుకోవద్దు. చర్చి పద్దే ఓటరు జాబితా అయినచోట పాదిరీకి వేరే కుర్చీ ఎందుకు? ఓటు లేనివాడు కూడా ప్రార్థనకు రావాల్సిందే, పన్ను కట్టాల్సిందే.

దీన్ని ఎదిరించినవాడు రోజర్ విలియమ్స్. ఆయనా ప్యూరిటనే, ఆయనా పాదిరీయే. విశ్వాసం విషయంలో మనిషిని శిక్షించే హక్కు ప్రభుత్వానికి లేదన్నాడు. ఇంగ్లండు రాజు ఇచ్చిన కాగితంతో స్థానిక తెగల నేల మనదైపోదని కూడా అన్నాడు. 1635లో ఆయనకు బహిష్కార శిక్ష వేశారు. ఆయన నర్రగాన్సెట్ తెగ పెద్దల దగ్గర భూమి తీసుకుని 1636లో ప్రావిడెన్స్ ఊరు కట్టాడు. అమెరికాలో తొలి బాప్టిస్టు సంఘం 1638లో అక్కడే మొదలైంది. ఇటు బోస్టన్‌లో, క్వేకర్ అని బహిష్కరించినా తిరిగి వచ్చినందుకు మేరీ డయ్యర్ అనే ఆమెను 1660లో ఉరితీశారు. 1691లో రాజు కొత్త చార్టరు ఇచ్చేదాకా ఓటుకు మతాన్ని వదిలి ఆస్తిని కొలమానం చెయ్యలేదు. చర్చి పన్ను 1833 దాకా సాగింది. దాన్ని కట్టనన్న బాప్టిస్టులు జైళ్లకు వెళ్లారు.

ఆ బాప్టిస్టులే 1840లో నెల్లూరుకు, 1885లో పాలమూరుకు వచ్చారు. 20వ శతాబ్దం తొలి దశకంలో నాగర్‌కర్నూలుకు మెన్నొనైట్ బ్రదరన్ వారు వచ్చారు. వాళ్ల పూర్వీకులు 1525లో జూరిక్‌లో ప్రభుత్వ చర్చిని కాదన్నవారు. ఇక్కడి పాలకుడు నిజాం. రాజు మతం వేరు, ఎక్కువమంది ప్రజల మతం వేరు, మిషనరీల మతం వేరు. చర్చిలో చేరినవాడికి పటేల్‌గిరీ రాలేదు, పట్వారీ దస్త్రం చేతికందలేదు. చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. వాళ్లకు దక్కింది అక్షరం, నలుగురిలో కూర్చునే చోటు. రాజ్యం చేతిలో లేని మతం మనుషులకు ఏమివ్వగలదో పాలమూరు చూసింది.

బ్రిటిషు ఇండియాలో మాత్రం మతం ఓటరు జాబితాలోకి ఎక్కింది. 1909 సంస్కరణలు ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చాయి. 1919 చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో క్రైస్తవులకూ వచ్చాయి. తక్కువ సంఖ్యలో ఉన్నవారి గొంతు వినిపించాలన్న వాదన అందులో ఉంది, కాదనను. కానీ ఒక ఊరి ఓటర్లు మతాల వారీగా విడిపోయారు. మన రాజ్యాంగం 325వ అధికరణంతో దాన్ని తెంచేసింది. నియోజకవర్గానికి ఒకే జాబితా. మతం, జాతి, కులం, స్త్రీ పురుష భేదం చూపి ఎవరి పేరునూ తీసెయ్యకూడదు. 1631 నాటి తీర్మానానికి ఇంతకంటే సూటైన జవాబు నాకు కనిపించలేదు.

జాబితాలో పేరున్నంత మాత్రాన మాట చెల్లుతుందా అన్నది మిగిలిన ప్రశ్న. మసాచుసెట్స్‌లో సభ బలంగా ఉండేది, చాలామందికి అందులో చోటు లేదు. మన గ్రామసభలో చోటు అందరికీ ఉంది, సభే బలహీనం. రిజిస్టరు ఇంటికి తెచ్చి సంతకాలు పెట్టించుకుంటే గ్రామసభ జరిగినట్టు కాదు. చెంచు పెంట నుంచి వచ్చిన మనిషి, కూలి మానుకుని వచ్చిన ఆడమనిషి లేచి లెక్క అడగాలి, సర్పంచీ కార్యదర్శీ జవాబు చెప్పాలి. ప్యూరిటన్ల దగ్గర మనం నేర్చుకోవాల్సిందేదైనా ఉంటే, ఊరి పనిని తమ పనిగా భావించి సభకు వచ్చి కూర్చోవడం. నేర్చుకోకూడనిది, ఆ సభకు ఎవరు తగినవారో దేవుడి పేరు మీద తేల్చడం.