ఒకే యజమాని, రెండు తీరాలు: బ్రిటన్–నెదర్లాండ్స్ వాణిజ్యం

(జంషెడ్‌పూర్, సోనారిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



బ్రిటన్, నెదర్లాండ్స్ దేశాల మధ్య జరిగే సరుకుల, సేవల వాణిజ్యం గురించి సోనారిలో మాట్లాడుట ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చును. ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసే దోముహానీకీ, ఎక్కడో ఉన్న ఉత్తర సముద్రానికీ సంబంధమేమిటి? సంబంధం ఉన్నది. 1999లో బ్రిటిష్ స్టీల్, డచ్చివారి హూగోవెన్స్ కలిసి కోరస్ అనే సంస్థ ఏర్పడినది. 2007లో ఈ ఊరి టాటా స్టీల్ ఆ కోరస్‌ను కొన్నది. దానితో వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్ కర్మాగారం, డచ్చి తీరాన ఉన్న ఐమోయిడెన్ కర్మాగారం రెండూ జంషెడ్‌పూర్‌కు సోదర కర్మాగారాలైనవి. నోవాముండి ఖనిజం మోసే గూడ్సును టాటానగర్ యార్డులో అందుకొనే మనవారికి ఆ రెండు ఊళ్ళ సంగతి పరాయి సంగతి కాదు.

రెండు దేశాల వాణిజ్యం అనగానే ఇటు ఒక వర్తకుడు, అటు ఒక వర్తకుడు నిలిచి బేరమాడుకొనుచున్నట్లు మనం ఊహిస్తాము. నేటి ఉక్కు వాణిజ్యంలో కొంత భాగం అట్లా ఉండదు. ఒక కర్మాగారంలో తయారైన కాయిలు అదే యజమానికి చెందిన మరొక కర్మాగారానికి పోవుచున్నది. సంత లేదు, బేరం లేదు. ప్రభుత్వ లెక్కలలో మాత్రం అది ఒక దేశానికి ఎగుమతి, మరొక దేశానికి దిగుమతి. ఈ లెక్కలలో ఇంకొక చిక్కు కూడ ఉన్నది. ఆసియా నుండి వచ్చిన సరుకు రోటర్‌డాం రేవులో దిగి, అక్కడి నుండి ఇంగ్లండుకు పోయినప్పుడు అది పలుమార్లు డచ్చి వాణిజ్యం పద్దులోనే చేరును. కనుక ఈ రెండు దేశాల వాణిజ్యం ఇంత పెరిగినది, అంత తగ్గినది అని పత్రికలలో చదివినప్పుడు ఆ అంకెను కొంచెం అనుమానంతోనే చూడవలెను.

బ్రిటన్ 1973లో ఐరోపా ఆర్థిక సమాజంలో చేరినది. 2020 జనవరి 31న ఐరోపా సమాఖ్యను విడిచినది. 2021 జనవరి 1 నుండి కొత్త ఒప్పందం అమలులోకి వచ్చినది. సుంకం లేదు, పరిమితి లేదు అని దానిని ఘనంగా చాటినారు. కాని సుంకం లేదనుట వేరు, పని లేదనుట వేరు. ఈ తేడా మన తపాలా సోదరులకు ఇట్టే అర్థమగును. 2020 వరకు లండన్ నుండి ఆంస్టర్‌డాంకు ఒక చిన్న పార్సెలు పంపుటకు కస్టమ్స్ కాగితమేదీ అవసరం లేకపోయెను. మరుసటి దినం నుండి సి.ఎన్. 22 గాని, సి.ఎన్. 23 గాని నింపి అంటించవలసి వచ్చినది: లోపల ఏమున్నది, బరువెంత, విలువ ఎంత, ఎక్కడ తయారైనది. 2021 జులై 1న ఐరోపా సమాఖ్య 22 యూరోల లోపు పొట్లాలకు ఉన్న పన్ను మినహాయింపును కూడ రద్దు చేసినది. ఆ ఫారాలను చూచి, సరిదిద్ది, తిరిగివచ్చిన పొట్లాలకు సమాధానం చెప్పవలసినది కౌంటరు వద్ద కూర్చున్న గుమాస్తాయే గాని, ఒప్పందంపై సంతకం పెట్టిన మంత్రి కాదు.

ఎక్కడ తయారైనది అనే ఆ చిన్న గడి చాల పెద్దది. సుంకం లేని సౌకర్యం బ్రిటన్‌లోనో, ఐరోపా సమాఖ్యలోనో పుట్టినదని రుజువైన సరుకుకే గాని, అక్కడి గోదాములో దిగి బయలుదేరిన ప్రతి సరుకుకూ కాదు.

సేవల సంగతి కొంచెం చెప్పి ముందుకు పోయెదను. సేవలకు వ్యాగను అవసరం లేదు, కనుక అవి త్వరగా తరలిపోవును. ఐరోపా ఔషధ సంస్థ 2019లోనే లండన్ నుండి ఆంస్టర్‌డాంకు మారినది. 2021 జనవరిలో వాటాల క్రయవిక్రయాలలో ఆంస్టర్‌డాం లండన్‌ను మించినది. రైలు కూడ సేవయే. 2018 ఏప్రిల్‌లో లండన్ నుండి ఆంస్టర్‌డాంకు నేరుగా యూరోస్టార్ నడిచినది. తిరుగు ప్రయాణీకులు మాత్రం తనిఖీ కోసం బ్రస్సెల్స్‌లో దిగి మారవలసి ఉండెను. 2020 అక్టోబరులో ఆ ఇబ్బంది తీరినది. మరల 2024 జూన్ నుండి 2025 ఫిబ్రవరి వరకు ఆంస్టర్‌డాం స్టేషను పనుల వలన నేరుగా వచ్చే తిరుగు బండి ఆగినది. పట్టాలున్నవి, ఇంజను ఉన్నది; పాస్‌పోర్టులు చూచుటకు చోటు చాలలేదు!

ఇక అసలు విషయానికి వచ్చెదను. పోర్ట్ టాల్బట్‌లో రెండు బ్లాస్ట్ ఫర్నేసులు ఉండెను. ఒకటి 2024 జులైలో, రెండవది సెప్టెంబరు 30న ఆరిపోయినవి. సుమారు 2,800 ఉద్యోగాలు పోవునని ముందే ప్రకటించినారు. దినానికి పది లక్షల పౌండ్లకు పైగా నష్టం వచ్చుచున్నదని యాజమాన్యం చెప్పినది. వాటి స్థానంలో 125 కోట్ల పౌండ్ల వ్యయంతో విద్యుత్ ఆర్క్ కొలిమి కట్టుచున్నారు. అందులో 50 కోట్లు బ్రిటిష్ ప్రభుత్వమిచ్చు సాయం. కాలుష్యం తగ్గవలసినదే, అందుకు ఎవరూ కాదనలేదు. కొత్త కొలిమి వెలిగే వరకు ఒక పాత కొలిమినైనా నడుపుడని అక్కడి సంఘాలు నిపుణుల చేత ప్రణాళిక తయారు చేయించి ఇచ్చినవి. అది చాల ఖర్చని యాజమాన్యం త్రోసివేసినది. 2024 జులైలో తలపెట్టిన సమ్మె కూడ చర్చల కొరకు ఆగిపోయినది.

మరి అక్కడి రోలింగు మిల్లులు ఎట్లా నడుచును? నెదర్లాండ్స్ నుండి, మన దేశం నుండి, ఇతర చోట్ల నుండి తెచ్చిన స్లాబులు, కాయిళ్ళతో నడిపెదమని కంపెనీయే ప్రకటించినది. నిన్న ఊరిలోనే పోసిన స్లాబు నేడు ఓడ దిగి వచ్చినప్పుడు అది 'వాణిజ్యం' పద్దులోకి ఎక్కును. అంకె పెరుగును, దానిని చూచి మంత్రులు సంతోషింతురు. ఆ పెరుగుదలలో ఆరిన కొలిమి ఎంత ఉన్నదో ఏ పట్టికలోనూ కనబడదు.

దీనివలన మనకు, డచ్చివారికి లాభమే కదా అని ఒక మిత్రుడు సభకు ముందు నాతో అన్నారు. ఐమోయిడెన్ వారినే చూడుడు. 2020లో వారు వారాల తరబడి సమ్మె చేసి, కొన్ని సంవత్సరాల పాటు బలవంతపు తొలగింపులు ఉండవన్న హామీ సాధించినారు. 2025 ఏప్రిల్‌లో అదే చోట సుమారు 1,600 ఉద్యోగాలు తగ్గించెదమన్న ప్రకటన వెలువడినది. వేల్స్‌లో కొలిమి ఆరినంత మాత్రాన హాలండులో అన్నం పెరగలేదు.

ఇప్పుడు మన వాకిటికి వచ్చినది చూడుడు. పరిమితికి మించిన ఉక్కుపై సుంకాన్ని 25 నుండి 50 శాతానికి పెంచవలెనని, సుంకం లేని పరిమాణాన్ని దాదాపు సగానికి తగ్గించవలెనని 2025 అక్టోబరులో ఐరోపా కమిషను ప్రతిపాదించినది. 2026 జనవరి నుండి బొగ్గుతో చేసిన ఉక్కుకు వారి కర్బన సుంకం లెక్క కూడ వర్తించుచున్నది. మన దేశం, బ్రిటన్ 2025 జులై 24న సమగ్ర వాణిజ్య ఒప్పందంపై సంతకం చేసినవి. ఆ ఒప్పందాన్ని మీ శాఖలలో చదువునప్పుడు సుంకాల పట్టికతో ఆగవద్దు. సరుకు జన్మస్థానాన్ని నిర్ణయించే అధ్యాయం ముందు తెరువుడు. తరువాత ఆ కాగితాలను రేవులో, యార్డులో, పార్సెలు కౌంటరులో ఎవరు నింపవలసి వచ్చునో, అందుకు ఎన్ని కొత్త పోస్టులు మంజూరు చేసినారో అడుగుడు.