చిన్న సీలు - పెద్ద ఇంజను

(ఖరగ్‌పూర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు "మీ ట్రేడ్ గురించి, అందరికీ పనికొచ్చేలా నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఇ.ఎం.ఇ.లో వెహికల్ మెకానిక్‌ని. అయినా ఈ ఊళ్ళో మెషీను గురించి మాట్లాడటమంటే తాతకు దగ్గులు నేర్పడమే. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మనవాళ్ళు ఇక్కడి కార్ఖానాకి వచ్చి ఫిట్టర్లుగా పేరు తెచ్చుకున్నారు. వాళ్ళ పిల్లలు, మనవలు ఈ సభలోనే ఉన్నారు. తప్పులుంటే దిద్దగలరు.

నేను ఎంచుకున్నది చాలా చిన్న వస్తువు - ఆయిల్ పంపు సీలు. కారు ఇంజనుకి ఆయిలు రక్తం అనుకుంటే, పంపు గుండె. సంపులో ఉన్న ఆయిలుని పీల్చి, ఫిల్టరు గుండా క్రాంక్ బేరింగులకీ, పైన కామ్‌షాఫ్ట్‌కీ పంపిస్తుంది. మనందరికీ తెలిసిన జిప్సీలో ఈ పంపు ఇంజను ముందు భాగంలో, క్రాంక్‌షాఫ్ట్ మీదే ఉంటుంది. షాఫ్టు బయటికొచ్చే చోట పంపు బాడీలో ఒక రబ్బరు సీలు కూర్చుంటుంది. దాని పెదవి వెనక సన్నని స్ప్రింగు ఉంటుంది. ఆయిలుని లోపలే ఆపేది అదే. పాత పెట్రోలు అంబాసిడర్‌లో అలా కాదు. పంపు లోపల ఉంటుంది, కామ్‌షాఫ్ట్ తిప్పుతుంది. ముందు సీలు టైమింగ్ కవర్లో ఉంటుంది. కాబట్టి సీలు కొనేముందు బండి మోడలు చెప్పి కొనాలి.

కొన్నాళ్ళ క్రితం మథురాకాటిలో రిటైరైన ఒక హవల్దారుగారు తన జిప్సీ చూపించారు. కింద ఎప్పుడూ ఆయిలు మరక. ఒక గారేజీవాళ్ళు "ఇంజను దించాలి, బోరు చేయించాలి" అన్నారట. పెన్షన్ డబ్బుతో బతికేవాడికి అది మాటలా? నేను చెప్పింది ఒకటే: "ముందు కడుగుదాం, తర్వాత చూద్దాం." ఇంజను కింద డీజిలుతో కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, పావుగంట నడిపి పైనుంచి కిందికి చూశాం. టాపెట్ కవరు పొడిగా ఉంది. కామ్ సీలు పొడిగా ఉంది. టైమింగ్ కవరు అడుగున మాత్రం తడి కనిపించింది. బండి నడిచేటప్పుడు గాలి ఆ ఆయిలుని వెనక్కి కొడుతుంది కాబట్టి సంపంతా తడిసి, లీకు వెనకే ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు మోసం అక్కడే.

ఇక పని. బ్యాటరీ నెగటివ్ తీసేశాం. ఫ్యాను బెల్టు, క్రాంక్ పుల్లీ, టైమింగ్ కవరు విప్పి, మార్కులు కలిపి పెట్టుకుని అప్పుడు బెల్టు తీశాం. పాత సీలుని స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి లాగాం. షాఫ్టు మీద గీత పడితే కొత్త సీలు కూడా కారుతుంది. పాత సీలు పెదవి పెంకులా గట్టిపడిపోయింది. షాఫ్టు మీద గోరు పెట్టి రాసి చూశాం, గాడి పడలేదు. కొత్త సీలు పెదవికి ఆయిలు రాసి, స్ప్రింగు వైపు లోపలికి పెట్టి, దాని అంచుకి సరిపడే పైపు ముక్కతో అన్ని పక్కలా సమంగా తట్టి కూర్చోబెట్టాం. ఆయిలులో నానిన టైమింగ్ బెల్టు మళ్ళీ వెయ్యకూడదు, కొత్తదే వేశాం. నానిన బెల్టు తెగితే బండి ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. బెల్టు వేశాక క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పి, మార్కులు మళ్ళీ కలిశాయని చూసుకున్నాకే స్టార్టు చేశాం.

అంతటితో వదల్లేదు. సీలు ఎందుకు పోయింది? వయసు ఒక కారణం. రెండోది, బ్రీదరు పైపు జిడ్డుతో మూసుకుపోయి ఉంది. లోపలి గాలికి దారి లేకపోతే ఆ వత్తిడి సీలుని బయటికి నెడుతుంది. దాన్ని శుభ్రం చెయ్యకపోతే ఆరు నెలల్లో మళ్ళీ అదే పని. మొత్తం ఒక మధ్యాహ్నం పట్టింది. ఇంజను దించలేదు, బోరూ చెయ్యలేదు. ఇంకోమాట: లీకు సీలుది కాక పంపు బాడీ గాస్కెట్‌ది అయితే మాత్రం సంపు కూడా దించాలి. అప్పుడు పంపులో ఆయిలు నింపి బిగించాలి. పొడి పంపు మొదట్లో ఆయిలు లాగదు.

చాలామంది "ఆయిలు లైటు వెలగడం లేదు కదా" అంటారు. ఆ లైటు చెప్పేది ప్రెషరు గురించి, మట్టం గురించి కాదు. చుక్క చుక్కగా కారి సంపు ఖాళీ అయ్యి, పంపు గాలి పీల్చినప్పుడు లైటు వెలుగుతుంది. అప్పటికి బేరింగులకి దెబ్బ తగిలే ఉంటుంది. డిప్‌స్టిక్ తీసి చూడటానికి నిమిషం చాలు.

సర్వీసులో ఫస్ట్ పరేడ్, హాల్ట్ పరేడ్, లాస్ట్ పరేడ్ అని బండిని రోజుకి మూడుసార్లు చూసేవాళ్ళం. ఆ అలవాటుకి రిటైర్మెంటు లేదు. రాత్రి బండి కింద ఒక పాత పేపరు పరచండి. తెల్లారి మరక కనిపిస్తే తుడిచి ఊరుకోకండి, అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. డిస్పోజల్ బండి కొనే సోదరులు డబ్బు కట్టేముందే ఈ పరీక్ష చేయండి. చెయ్యి సాయం కావాలంటే, ఈ ఊళ్ళో మన ఫిట్టర్లకి కొదవ లేదు. మొహమాటపడకుండా అడగండి.

 జై హింద్.