తల్లి పాలు – ఇంట్లోవాళ్ళ మాట

(సొసైటీ వార్షిక సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము ఈ పూట ఎత్తుకున్న విషయం కొందరికి మొహమాటంగా ఉండవచ్చు. మగవాళ్ళు కూర్చున్న సభలో బాలింత సంగతులు, చనుబాల సంగతులు ఎందుకని అనుకునేవారు ఉంటారు. ఐతే పవిత్ర ఖుర్‌ఆన్ ఈ సంగతిని మొహమాటపడకుండా చెప్పింది. అల్ బఖరా సూరా 233వ ఆయత్‌లో తల్లి తన బిడ్డకు నిండు రెండేళ్ళు పాలివ్వడం గురించి ఉంది. అంతటితో ఆగలేదు. పాలిచ్చే తల్లికి తిండి, బట్ట సమకూర్చే భారం తండ్రిదని ఉంది. రెండేళ్ళకు ముందే పాలు మాన్పించాలంటే తల్లిదండ్రులిద్దరూ మాట్లాడుకొని, ఒప్పుకొని మాన్పించాలని ఉంది. అంటే ఇది ఆడవాళ్ళ గదిలో మూసిపెట్టే వ్యవహారం కాదు, ఇంటిల్లిపాదికీ సంబంధించినది. మేము చెప్పదలచుకున్నదీ ఇదే.

తల్లి పాలు మంచివని తెలియని తల్లి మన మొహల్లాల్లో లేదు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు జరిగే తల్లిపాల వారోత్సవాలు – అందరూ ఆ మాటే చెబుతున్నారు. ఐనా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. దేశంలో నూటికి 88కి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. పుట్టిన గంటలోపల తల్లి రొమ్ము అందుకున్న బిడ్డలు మాత్రం నూటికి 42 మందే. మొదటి ఆరు నెలలు తల్లి పాలు తప్ప వేరే ఏమీ పట్టించుకోని బిడ్డలు 64 మంది. ఆసుపత్రి దాకా వెళ్ళిన తల్లికి ఆ మొదటి గంట ఎందుకు దక్కలేదు? ఆపరేషన్ కాన్పులు ఒక కారణం. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్‌తో జరిగినవే. కుట్ల నొప్పితో పడుకున్న తల్లి తనంతట తాను బిడ్డను ఎత్తుకోలేదు. ఎవరైనా ఒక మనిషి పట్టుకొని రొమ్ముకు ఆనించాలి. ఆ మనిషి ఎవరు, ఆ మనిషి ఆ సమయంలో ఏం మాట్లాడుతుంది అన్నదే అసలు సంగతి.

ఆ మనిషి సాధారణంగా అత్తగారో, నానీయో, వదినో అయి ఉంటుంది. "మొదటి పాలు పచ్చగా ఉంటాయి, బిడ్డకు అరగవు, పిండి పారబొయ్యి" అంటుంది. "మూడోనాటికి గానీ పాలు పడవు, అందాక రోంత తేనె నాకించు, ఘుట్టీ వెయ్యి, చక్కెర నీళ్ళు పట్టు" అంటుంది. ముర్రుపాలు కొద్దిగానే వస్తాయన్నది నిజమే. కాని అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకు ఒక తడవకు ఒక చెంచాడు చాలు. ఆ చెంచాడులో జబ్బుల్ని అడ్డుకొనే శక్తి ఎంతో ఉంది. తేనె సంగతి వేరు. ఏడాది నిండని బిడ్డకు తేనె పనికిరాదని డాక్టర్లు గట్టిగా చెబుతారు. తేనెలో ఒక్కొక్కసారి ఉండే సూక్ష్మజీవి పసిపేగుల్లో చేరి విషం పుట్టించగలదు.

ఇక్కడ అజాన్ సంగతి కూడా చెప్పక తప్పదు. బిడ్డ చెవిలో అజాన్ ఇవ్వడం మన ఆనవాయితీ. దానికి ఒక్క నిమిషం చాలు. కాని కొన్ని చోట్ల, ఇన్ని అజాన్లు వినబడేదాకా పాలు పట్టకూడదని ఎవరో పుట్టించిన మాట ఒకటి తిరుగుతూ ఉంది. 2016 నవంబరులో కేరళలో కోళికోడ్ దగ్గర ముక్కంలో ఒక తండ్రి, ఐదు అజాన్లు పూర్తయ్యేదాకా పాలివ్వనీయనని ఆసుపత్రిలో పట్టుబట్టాడు. అది పోలీసు కేసు దాకా వెళ్ళింది. పసిబిడ్డను పస్తు పెట్టమని మన దీన్ ఎక్కడా చెప్పలేదు. తహ్నీక్ చేయించుకోవాలనుకునే ఇంటివారు డాక్టరుతో ఒక మాట చెప్పి చేయించుకోవచ్చు. కాని ఖర్జూరం వచ్చేదాకా, పెద్దాయన వచ్చేదాకా బిడ్డను రొమ్ముకు దూరంగా ఉంచవలసిన పని లేదు.

ఇక మన కరువు సీమకు ప్రత్యేకమైన సంగతికి వస్తాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. అది కూడా పడితే. మార్చి దాటిందంటే బోర్లు ఒట్టిపోతాయి, ట్యాంకరు కోసం బిందెలు వరుసలో కూర్చుంటాయి. రేకుల కింద బిడ్డ చెమటకు తడిసి ఏడుస్తుంటే అవ్వ అంటుంది: "ఇంత ఎండకు బిడ్డ గొంతు ఆరిపోతాది, రెండు చెంచాలు నీళ్ళు పట్టమ్మీ." ఆ మాటలో ప్రేమే ఉంది, దోషం లేదు. కాని తల్లి పాలల్లో నూటికి 87, 88 పాళ్ళు నీళ్ళే. ఎంత ఎండైనా ఆరు నెలల లోపు బిడ్డకు ఆ నీళ్ళు చాలు. దప్పికైన బిడ్డ కాస్త ఎక్కువసార్లు రొమ్ము అడుగుతుంది, అంతే. బయటి నీళ్ళు పట్టితే చిన్న పొట్ట నిండిపోయి పాలు తక్కువ తాగుతుంది. బిడ్డ తక్కువ తాగితే తల్లికి పాలు తక్కువ ఊరుతాయి. ఆ నీళ్ళన్నా ఎలాంటివి? రెండు మూడు రోజులు డ్రమ్ములో నిలవ ఉన్నవి. విరేచనాలు పట్టుకున్నాయంటే ఒక్క రోజులో బిడ్డ వాడిపోతుంది.

ఇంకొక మాట. మన జిల్లాలో ఎన్నో ఊళ్ళ బోరు నీళ్ళల్లో ఫ్లోరైడు ఉంది. గారపట్టిన పళ్ళు, వంగిన మోకాళ్ళు మనకు కొత్త కాదు. ఆ బాధ వల్లనే కదా 1990లలో సత్యసాయి మంచినీటి పథకం మన జిల్లాలో ఏడు వందలకు పైగా పల్లెలకు నీళ్ళు తెచ్చింది. ఇలాంటి నీళ్ళల్లో డబ్బా పాలపొడి కలిపితే ఆ ఫ్లోరైడంతా బిడ్డకు పోతుంది. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అదే తల్లి ఆ నీళ్ళు తాగినా, ఆమె పాలల్లోకి ఫ్లోరైడు బహు కొద్దిగా మాత్రమే దిగుతుంది. అల్లాహ్ ఏర్పాటు చేసిన జల్లెడ అది. పాలపొడి డబ్బా కొనే స్తోమత ఉన్న ఇంటివారు కూడా ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఐతే అవ్వతో ఈ మాటలు ఎలా చెప్పాలి? "నీకేం తెలుసు, నువ్వు ఊరుకో" అంటే ఆమె ఊరుకోదు. మనం లేనప్పుడు పట్టనే పడుతుంది. ఆమె ఐదారుగురిని పెంచిన మనిషి. "నువ్వన్నది నిజమే అవ్వా, బిడ్డకు దప్పికవుతుంది. ఆ దప్పిక తీరే నీళ్ళు కోడలి దగ్గరే ఉన్నాయి. నీ చేతిలో చెంబు ఆమెకియ్యి, ఆమె తాగితే చాలు" అని చెప్పి చూడండి. అవ్వ పెద్దరికానికి లోటు రాదు, చెంబు సరైన చోటికి చేరుతుంది. దుప్పట్లో బిడ్డను చుట్టుకొని కూర్చున్న బాలింతకు ఉపన్యాసాలు అవసరం లేదు. ఆమెకు చెప్పడం కన్నా ఆమె చుట్టూ ఉన్నవాళ్ళతో మాట్లాడడం మేలు.

అన్నిటికంటె చెడ్డ మాట "నీకు పాలు చాలడం లేదు". చూడవచ్చిన ప్రతివాళ్ళూ "పాలు పడ్డాయా? బిడ్డ చిక్కిపోయిందే?" అంటారు. మొదటి నాలుగైదు రోజులు బిడ్డ బరువు కొంత తగ్గడం సహజం. సాయంత్రాలు ఊరికే ఏడవడం కూడా సహజం. ఈ మాటలు పదిసార్లు వింటే ఏ తల్లికైనా దిగులు పట్టుకుంటుంది, దిగులుకు పాలు దిగడం ఆలస్యమవుతుంది. అప్పుడు సీసా వస్తుంది, సీసా వచ్చాక పాలు నిజంగానే తగ్గుతాయి. మరి చాలుతున్నాయో లేదో ఎలా తెలియాలి? వారం నాటికి బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఒంటికి పోస్తూ ఉంటే, నెలనెలా బరువు పెరుగుతూ ఉంటే, పాలు చాలుతున్నట్టే. రాత్రిపూట కూడా పట్టాలి. బిడ్డ నోరు బాగా తెరిచి, మొన ఒక్కటే కాకుండా చుట్టూ నల్లభాగం కూడా నోట్లోకి వచ్చేట్టు ఆనించాలి. రొమ్ము పుండు పడడానికి చాలావరకు సరిగా ఆనించకపోవడమే కారణం.

సీరత్ కథల్లో మనమందరం విన్నదే, హజ్రత్ హలీమా సాదియా మక్కాకు వచ్చింది కరువు ఏడాదిలో. ఆమె ఒంటె ఒట్టిపోయింది, సొంత బిడ్డకే పాలు చాలక రాత్రులు నిద్ర లేదు. అలాంటి తల్లి ఒడిలోనే ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పాలు తాగి పెరిగారు. కరువు నేల ఆడదాని పాలను తక్కువగా చూసేవాళ్ళు ఆ కథను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

డబ్బాల కంపెనీల గురించి ఎక్కువ చెప్పం. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభ పాలపొడి ప్రచారానికి కట్టడి నియమావళి చేసింది. 118 దేశాలు ఔనన్నాయి, అమెరికా ఒక్కటే కాదంది. మన దేశం 1992లో చట్టం తెచ్చి, 2003లో బిగించింది. దాని ప్రకారం రెండేళ్ళ లోపు బిడ్డల డబ్బా ఆహారానికి ప్రకటన ఇవ్వకూడదు, తల్లులకు ఊరికే డబ్బాలు పంచకూడదు, డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ వేయకూడదు. చట్టం డబ్బా మీది బొమ్మను తీయించింది గాని, పక్కింటావిడ నోరు మూయించలేదు కదా!

తండ్రులకు ఒక మాట. వానలు లేక బెంగుళూరు బిల్డింగు పనులకు పోయే సంసారాలు మనలో శానా ఉన్నాయి. భార్య నెలన్నర బాలింతగా మట్టితట్ట ఎత్తితే బిడ్డకు పాలెక్కడివి? చట్టంలోని 26 వారాల సెలవు దినకూలీ తల్లికి అందేది కాదు. ఆయత్ తండ్రి మీద మోపిన భారం ఇక్కడే అక్కరకు రావాలి. తప్పనిసరై పనికి పోతే, పాలు పిండి మూతవున్న శుభ్రమైన స్టీలు గిన్నెలో పెట్టి, మన ఎండలకు రెండు మూడు గంటల్లోపే ఉగ్గుగిన్నెతో పట్టించాలి. సీసా, పాలపీక వద్దు. రంజాన్‌లో ఉపవాసంతో పాలు తగ్గుతాయని, బిడ్డకు ఇబ్బంది అని భయముంటే తల్లి రోజాలు వాయిదా వేసుకొని తర్వాత తీర్చుకోవచ్చు. షరీఅత్ ఇచ్చిన ఈ సడలింపును అత్తింటివారు ఎత్తిపొడవకూడదు.

పాలు ఇవ్వలేని తల్లులూ ఉంటారు. జబ్బు కావచ్చు, నెల తక్కువ బిడ్డ కావచ్చు. వాళ్ళను వేలెత్తి చూపితే అది పాపమని మా అభిప్రాయం. డాక్టరు చెప్పిన ప్రకారం పోతపాలు ఉగ్గుగిన్నెతో పట్టించుకోవాలి. వేరొక తల్లి పాలిస్తే పాల బంధుత్వం ఏర్పడుతుంది, ఆ పిల్లల మధ్య నికాహ్ కుదరదు. కాబట్టి ఇచ్చినామె పేరు రెండిళ్ళల్లోనూ రాసిపెట్టుకోవాలి. ఆసుపత్రుల పాల బ్యాంకుల విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి, అవసరం పడినప్పుడు ఆలిమ్‌ను, డాక్టరును ఇద్దరినీ అడగండి.

సొసైటీ తరఫున మేము కోరేది పెద్ద పనేమీ కాదు. మొహల్లాకు ముగ్గురు ఆడవాళ్ళు చాలు. కాన్పయిన ఇంటికి ఛిల్లా నిండేలోగా మూడుసార్లు పోవాలి. మొదట మూడోరోజు, అంటే రొమ్ములు గట్టిపడి నొప్పెట్టి, డబ్బా మాట పుట్టే రోజు. తర్వాత అఖీఖా నాడు, చూడవచ్చినవాళ్ళ నోళ్ళు కాసే పనికి. ఆ తర్వాత నెలకు. మిఠాయి తీసుకుపోనక్కర లేదు, ఒక పూట వంట చేసిపెట్టినా, పెద్దబిడ్డను ఆడించినా చాలు. ఖతీబ్ సాహెబులు జుమా నాడు 233వ ఆయత్ మీద మగవాళ్ళకు రెండు మాటలు చెప్పాలని మనవి. ఈ పనికి వచ్చేవాళ్ళు మగ్రిబ్ తర్వాత కార్యదర్శిగారి దగ్గర పేర్లు రాయించండి. దక్కనీ, తెలుగు రెండూ మాట్లాడగల, పాలిచ్చి పిల్లల్ని పెంచిన నానీలు మాకు ముందు కావాలి.