తెర ముందు నోరు విప్పుట



1943లో బి.బి.సి. రేడియోలో ఇంగ్లీషు పాఠములు ప్రారంభించినది. నాడు విద్యార్థి వినవలసినదే గాని, అతని మాట అవతలివారు వినుటకు వీలు లేదు. 2020లో బడులు మూతబడగా మేము మన యౌవనస్థులకు వీడియో పాఠములు పంపితిమి. ఇరువది నిమిషములును మేమే మాట్లాడితిమి. వారు తలలూపిరో, నిద్రపోయిరో దేవునికే ఎరుక!

పిమ్మట పాఠమును ఐదు నిమిషములకు కుదించితిమి. "వేర్ డూ యూ లివ్?" అని అడిగి, జవాబుకు వ్యవధి యిచ్చి ఊరకుంటిమి. వారు తమ జవాబును ఫోనులో రికార్డు చేసి పంపవలెను. "లివ్" అనుటకు "లీవ్" అనినచో, ఎవరి పేరును ఎత్తక మరునాటి పాఠములో సరిదిద్దితిమి.

నలుగురిలో పెదవి విప్పని ఒక సహోదరి, ఏడుమార్లు చెరిపి ఎనిమిదవది పంపితినని తరువాత చెప్పినది. మా మొదటి పాఠములలో ఆమెను ఒక్కమారైనను పలుకనీయలేదు.