తీగ లేని రంపము

వడ్రంగి యింటికి వచ్చినాడనగా బాడిస, ఉలి, చిత్రిక, బరమా, చేతిరంపము గల సంచి వెంట నుండుట మన కందరకును తెలిసిన సంగతియే. వినుకొండ కొండ క్రింది వీధులలో నేడు ఆ సంచిలో మరియొక పనిముట్టు చేరినది. అది బ్యాటరీతో తిరుగు చక్రపు రంపము. పనివారు దీనిని కటింగు మిషను అందురు. దీనికి కరెంటు తీగతో పని లేదు. పొలములో మోటారు కొట్టమునకు తలుపు బిగింపవలసి వచ్చినను, మిరపకాయలు ఆరబోయు కల్లము ప్రక్కన పందిరికి గుంజలు కోయవలసి వచ్చినను, అక్కడికక్కడనే పని ముగియును.

ఇంత సుఖమైన పనిముట్టును గూర్చి హెచ్చరిక యేల యని శ్రోతలు అడుగవచ్చును. తీగ గల యంత్రమునకు ప్లగ్గు తీసిన చాలును, ఇక అది తిరుగదు. గోడనుండి తీగ వచ్చుచున్నంతసేపు అందు కరెంటున్నదని కంటికి తెలియుచుండును. తీగ లేని రంపమున కట్టి గురుతు లేదు. మూలను పెట్టియున్నను, సంచిలో పడియున్నను, బ్యాటరీ తగిలియున్నంతసేపు అది తిరుగుటకు సిద్ధముగానే యుండును. కావున ప్లగ్గు తీయు పాత అలవాటునకు బదులుగా బ్యాటరీ తీయు క్రొత్త అలవాటు మనకు రావలెను. మేము నేడు చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

చేతితో పట్టి త్రోయు చక్రపు రంపము 1920 దశకములో అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమున ఎడ్మండ్ మిషెల్ అను నతని చేతిలో రూపొందినది. తీగ లేకయే చాలసేపు పనిచేయు బలమును దానికి లిథియం అయాన్ బ్యాటరీ యిచ్చినది. ఈ బ్యాటరీని 1991లో సోనీ సంస్థ బజారులోనికి తెచ్చెను. దీనిని రూపొందించినందులకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. 18 వోల్టుల బ్యాటరీ పెట్టెలో 3.6 వోల్టుల సెల్లులు 5 వరుసగా కూర్చబడియుండును. 5 ఆంపియర్ గంటల పెట్టెలో 90 వాట్ గంటల శక్తి యిమిడియుండును. అనగా నేటి సెల్‌ఫోను బ్యాటరీకి నాలుగైదు రెట్లు. అంత శక్తిని పిడికెడు పెట్టెలో దాచినప్పుడు దానికి తగిన మర్యాద చూపవలెను.

మొదట చార్జి చేయు విధానము. పల్నాటి ఎండలు మనకు క్రొత్త కావు; రెంటచింతల వేడిమిని గూర్చి విననివారుండరు. మే మాసమున 45 డిగ్రీలు దాటు దినములును కలవు. తయారీదారులలో పెక్కురు 40 డిగ్రీలు దాటిన వేడిలో ఈ బ్యాటరీలను చార్జి చేయరాదని చెప్పుదురు. కావున రేకుల షెడ్డు క్రింద మిట్టమధ్యాహ్నము చార్జి పెట్టరాదు. వేకువనో, సాయంకాలము చల్లబడిన తరువాతనో, నీడయు గాలియు గల చోట పెట్టవలెను. పని ముగిసినవెంటనే బ్యాటరీ వేడిగా నుండును. అది చల్లారిన పిదపనే చార్జరున కమర్చవలెను. ఆ బ్యాటరీకై తయారీదారు నిర్ణయించిన చార్జరునే వాడవలెను. మరియొకటి సరిపోవునని ప్రయోగము చేయరాదు.

చార్జరును ఉంచు చోటు కూడ ముఖ్యము. ప్రత్తి తీతల కాలమున మన యిండ్లలో వసారా నిండ ప్రత్తి యుండును; మిరప టిక్కీలు గోడవారగా పేర్చబడియుండును. వడ్రంగి కొట్టములో రంపపు పొట్టు పరచుకొనియుండును. వీటి దాపున చార్జి పెట్టుట నిప్పుతో చెలగాట మాడుటయే. పరుపుమీద పెట్టుటయు తగదు. మన ప్రాంతమున దొరకు నాపరాతి పలక దీనికి మంచి పీఠము. ఇంటిల్లిపాదియు నిద్రించు రాత్రివేళ చార్జి చేయక, మెలకువగా నున్నప్పుడే చేయవలెను. ఉబ్బిన, పగిలిన, నీటిలో పడిన బ్యాటరీని మరల చార్జి చేయరాదు. దానిని మేకులున్న సంచిలో వేయరాదు. మేకు రెండు కొసలకు తగిలిన క్షణములో నిప్పు పుట్టవచ్చును. పాడైన దానిని చెత్తతోపాటు తగులబెట్టక, అమ్మిన దుకాణమునకో, తీసికొను కేంద్రమునకో అప్పగింపవలెను.

ఇక రంపమును సిద్ధము చేయుట. బ్లేడు మార్చుటకు గాని, లోతు సరిచేయుటకు గాని, ఇరుకున్న చెక్కముక్కను తీయుటకు గాని చేయి పెట్టకముందు బ్యాటరీ బయటికి రావలెను. బ్లేడుమీది బాణపు గుర్తును, యంత్రముమీది బాణపు గుర్తును ఒకే వైపు చూపవలెను. బ్లేడుమీద వ్రాసియున్న గరిష్ఠ వేగము యంత్రపు వేగమునకు తక్కువ కారాదు. లోతు చెక్క మందమునకు మించి ఒక పన్ను మాత్రమే క్రిందికి కనబడునంత చాలును. పండ్లు క్రిందినుండి పైకి కోయును గనుక పలక యొక్క మంచి ముఖమును క్రిందికి త్రిప్పి పెట్టిన అది చీలక నున్నగా వచ్చును. పాత ద్వారబంధములను, దూలములను కోయునపుడు మేకులున్నవేమో ముందుగా వెదకి తీయవలెను.

బ్లేడు క్రింది కదలు తొడుగు కోత ముగియగనే తనంతట తాను మూసికొనవలెను. కొందరు పనికి అడ్డమని దానిని తీగతో పైకి కట్టివేయుదురు. మరికొందరు ధర తక్కువని రాతిపలకలు కోయు యంత్రమునకు పండ్ల బ్లేడు తగిలింతురు. దానికి కదలు తొడుగు లేదు, కోత ముగిసినను పండ్లు బయటనే యుండును. ఈ రెండును వ్రేళ్ళను పణముగా పెట్టి ఆదా చేయు పనులు. 165 మిల్లీమీటర్ల బ్లేడు నిముషమునకు 5000 చుట్లు తిరిగినచో పంటి కొన వేగము గంటకు సుమారు 155 కిలోమీటర్లగును. వినుకొండ మీదుగా పోవు ఏ రైలుబండికిని అంత వేగము లేదు. చూచి చేయి తీసికొందమన్న వ్యవధి ఉండదు.

కోయునపుడు ముఖ్యమైన అపాయము రంపము వెనుకకు తన్నుట. పలక మధ్యకు వంగి కోతసందు మూసికొనినపుడు బ్లేడు పట్టుకొని, యంత్రము మనమీదికి ఎగురును. మొద్దుబారిన బ్లేడును, వంకరగా త్రోయుటయు దీనికి కారణములే. కావున పెద్ద పలకకు కోతగీత కిరువైపులను ఆధార ముండవలెను. చిన్న ముక్కయైనచో తెగిన భాగము తేలికగా క్రిందికి జారిపోవలెను. చెక్కను కాలితో అదిమిపట్టక బిగింపు పరికరముతో బల్లకు బిగింపవలెను. రెండు చేతులతో పట్టుకొని, బ్లేడుకు సూటిగా గాక ఒక ప్రక్కకు నిలువవలెను. పూర్తి వేగ మందిన పిదపనే చెక్కకు తాకింపవలెను. మధ్యలో ఆగవలసి వచ్చినచో మీట వదలి, బ్లేడు నిలుచువరకు కదలక యుండవలెను; తిరుగుచున్న బ్లేడును వెనుకకు లాగరాదు. భుజముమీది తువ్వాలు, వదులు లుంగీ, వ్రేలాడు పైట ఈ పనికి పనికిరావు. కంటికి అద్దములు, చెవికి రక్షణ, ముక్కునకు మాస్కు అవసరము. కొయ్యపొడి క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థ క్యాన్సరు పరిశోధన విభాగము నిర్ధారించినది.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను కీడు జరిగినచో తొందరలో తప్పు చేయరాదు. గాయమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి 108కి ఫోను చేయవలెను. తెగిన వ్రేలిని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచుముక్కలపై పెట్టి రోగితో పంపవలెను. మంచు వ్రేలికి నేరుగా తగులరాదు. వినుకొండనుండి గుంటూరు దూరము. దారిలో గడచు ప్రతి నిముషమును విలువైనదే.

చివరగా పని చేయించుకొను గృహస్థులకు ఒక మనవి. గృహప్రవేశ ముహూర్తము దగ్గరపడినదని వడ్రంగిని తరుముట మన యింట కద్దు. తొందరలోనే తొడుగు కట్టివేయబడును, బ్యాటరీ తీయకయే బ్లేడు మార్చబడును. అతనికి నీడను, గట్టి బల్లను, కొంత వ్యవధిని సమకూర్చుట మన విధి. పిల్లలను ఆ దరికి రానీయకుండుటయు మన పనియే. సాయంకాలము పని ముగిసినవేళ రంపమొక చోటను, బ్యాటరీ మరియొక చోటను ఉన్నవో లేవో ఒకమారు చూచుకొనిన, ఆ రాత్రి మన యింటను, వడ్రంగి యింటను నిశ్చింతగా నిద్ర పట్టును.