చూపులేని అక్కకు చెప్పిన కథలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



మేము పండితులం కాము. మెట్రిక్‌తో చదువు ఆపి రైల్వే గుమాస్తాగిరీలో చేరినవాళ్ళం. పిల్లల పుస్తకాల బీరువా తాళంచెవి మా దగ్గర ఉన్న పాపానికి, ఎవరైనా పిల్లల రచయిత్రిని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మేము చదివిన ఇంగ్లీషు పుస్తకాలు తక్కువ. వాటిలో అమెరికావారి లారా ఇంగాల్స్ వైల్డర్ పుస్తకాలు ఉన్నాయి. ఆమెనే ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది. ఆమె తండ్రి కొన్నాళ్ళు మాలాగే రైలు కంపెనీలో లెక్కలు రాశాడు.

ఆమె 1867 ఫిబ్రవరి 7న విస్కాన్సిన్ అడవుల్లో, దుంగలతో కట్టిన ఇంట్లో పుట్టింది. తండ్రి చార్లెస్ ఒకచోట కాలు నిలవని మనిషి. పడమట మంచి నేల ఉందంటే చాలు, బండి కట్టేవాడు. కాన్సాస్, మిన్నెసోటా, అయోవా, చివరకు డకోటా. ఒకచోట చేతికొచ్చిన గోధుమపంటను మిడతలు మేసి పోయాయి. తల్లి కారొలైన్ ఏ ఊరికి పోయినా ఒక చిన్న పింగాణీ బొమ్మను గూట్లో నిలబెట్టేది. అప్పటికిగాని అది ఇల్లు అయ్యేది కాదు. మన ఆడవాళ్ళు కొత్త క్వార్టర్సులో అడుగు పెట్టగానే దేవుడి పటానికి మేకు వెతుక్కోరూ? అలాగన్నమాట.

1879లో జబ్బుచేసి అక్క మేరీకి చూపు పోయింది. అప్పటికి మేరీకి 14 ఏళ్ళు, లారాకు 12. ఇకమీదట అక్కకు నువ్వే కళ్ళు కావాలని తండ్రి లారాతో అన్నాడు. ఆ ఏడే వాళ్ళు మొదటిసారి రైలెక్కారు. అయ్యా, బండ్ల మధ్యే బతికేవాళ్ళం, రైలు ప్రయాణం గురించి మాకు కొత్తగా చెప్పగలిగేది ఎవరు అనుకున్నాము. ఆ పిల్ల చెప్పింది. మెత్తటి మకమలు సీట్లు, కండక్టరు టిక్కెట్లకు కన్నం వేయడం, మిఠాయి అమ్ముకునే కుర్రాడు, అన్నీ పక్కన కూర్చున్న అక్కకు ఒక్కొక్కటే చెబుతూ పోయింది. ఉన్నదున్నట్టు చెప్పాలని అక్క పట్టు. ఆమె రాతకు బడి అదేనని మా అభిప్రాయం.

తండ్రి చేరింది సిల్వర్ లేక్ అనే సరస్సు దగ్గర, కొత్త రైలుదారికి మట్టికట్ట వేసే కూలీల మకాములో. స్టోరు చూడడం, హాజరుపట్టీ, జీతాల బట్వాడా, అన్నీ ఆయనవే. కంపెనీ రెండువారాల కూలి ఎప్పుడూ వెనక పట్టేది. మొత్తం ఇప్పుడే ఇమ్మని కూలీలు చీకట్లో తలుపు ముందు గుమిగూడిన ఘట్టం చదువుతుంటే మాకు చెమటలు పట్టాయి. అటు కంపెనీ రూలు, ఇటు కూలివాడి ఆకలి, మధ్యన గుమాస్తా. ఈ సభలో ఆ కష్టం తెలిసినవారు మాతోపాటు పదిమంది అయినా ఉంటారు.

ఆ దారిమీద వెలిసిన డీ స్మెట్ అనే ఊళ్ళో 1880–81 చలికాలం. కటింగులు మంచుతో పూడిపోయి జనవరి మొదట్లో ఆగిన బండ్లు మే దాకా రాలేదు. బొగ్గు లేక ఎండుగడ్డికి పురిపెట్టి పొయ్యిలో పెట్టారు. పిండి లేక కాఫీగింజల చేతిమరలో గోధుమలు విసురుకున్నారు. వంతులవారీగా రోజంతా ఆ చిన్నమర తిప్పితేగాని రొట్టె లేదు. బండి ఆలస్యమైతే మనం ప్లాట్‌ఫారం మీద తిట్లు తింటాము. నాలుగు నెలలు బండి రాని ఊరు ఎలా ఉంటుందో ఆ పుస్తకం చదివి తెలుసుకోవాలి.

మేరీని అంధుల కళాశాలలో చదివించడానికి లారా చొక్కాలు కుట్టింది, 16 నిండకుండానే బడిపంతులమ్మ అయింది. ఇన్ని పడినా మొదటి నవల వచ్చింది 1932లో, ఆమెకు 65వ ఏట. కూతురు రోజ్ ప్రతులు సరిదిద్దింది. 1943 నాటికి 8 పుస్తకాలయ్యాయి. 1957లో, 90 ఏళ్ళు నిండిన మూడోనాడు ఆమె కన్నుమూసింది.

ఆమె చెప్పనివీ ఉన్నాయి. తొమ్మిది నెలలకే పోయిన తమ్ముడు ఆ ఎనిమిదింటిలో కనబడడు. అద్దె బాకీ తీర్చలేక రాత్రికి రాత్రి ఊరు విడిచిన సంగతీ లేదు. అది 2014లో అచ్చయిన ఆమె పాత స్వీయచరిత్రలో బయటపడింది. కాన్సాస్‌లో వాళ్ళు ఇల్లు కట్టుకున్న నేల ఓసేజ్ జాతివారిది. ఆ చోట మనుషులే లేరన్నట్టు 1935 నాటి పుస్తకంలో ఒక మాట పడింది. 1952లో ఒక పాఠకురాలు తప్పుపడితే, ఆమె తప్పు ఒప్పుకుని మార్పించింది. అయినా ఆ జాతివారిని గురించి నొప్పించే మాటలు ఇంకా మిగిలాయి. ఆమె పేరిట ఉన్న బాలసాహిత్య బహుమతికి 2018లో పేరు మార్చారు. అది న్యాయమే అనిపిస్తుంది మాకు. ఆ పుస్తకాలను మాత్రం బీరువాలోంచి తీయలేదు. అడిగిన పిల్లలకు ఈ సంగతి చెప్పే ఇస్తున్నాము.

మా ఇంటి మాట ఒకటి చెప్పి ముగిస్తాము. కొత్తకోడలిగా ఈ ఖుర్దారోడ్డు వచ్చిన మా నాయనమ్మకు ఇప్పుడు చూపు దాదాపు లేదు. మా నాన్నకంటే ముందు ఆమెకొక మగబిడ్డ పోయాడని మాకు 30 ఏళ్ళు దాటేదాకా తెలియదు. అది మాకు చెప్పలేదుగాని మా అమ్మాయికి చెప్పింది. సాయంత్రం అరుగుమీద ఏ బండి పోయిందో, ఇంజను రంగేమిటో పిల్ల చెబుతుంది. బదులుగా ముసలమ్మ తన ఊరు చెబుతుంది. పిల్ల నోటుబుక్కులో రాసుకుంటోంది. మాటలు తెలుగువి, అక్షరాలు ఒరియావి, దానికి వచ్చినవి అవేగా. మొన్న చదివి వినిపించమంది నాయనమ్మ. సగంలో ఆపి, “పడవ కాదే, ఏరు దాటించింది మీ ముత్తాత. భుజాలమీద. కొట్టేసి మళ్ళీ రాయి,” అంది.