కిటికీ అద్దం మీద ఒక పెనుగులాట

ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1941లో మరణించిన తరువాత, 1942లో సంపుటంగా వెలువడిన వ్యాసాలలో ‘ది డెత్ ఆఫ్ ద మాత్’ ఒకటి. సీతాకోకచిలుకకు దగ్గరి జాతిదైన ఒక చిన్న రెక్కల పురుగు కిటికీ అద్దం మీద పెనుగులాడి చనిపోవడమే దానిలోని వస్తువు. బయట సెప్టెంబరు ఉదయాన పొలం దున్నేవారిని, గుర్రాలను, పక్షులను కదిలిస్తున్న శక్తే ఈ అల్పప్రాణిలోనూ ఉన్నదని గుర్తించిన రచయిత్రికి మొదట కలిగినది జాలి మాత్రమే. అయితే వెల్లకిలా పడిన పురుగును లేపడానికి చాచిన పెన్సిలును, సమీపించినది మృత్యువని గ్రహించి ఆమె కింద పెట్టివేయడంతో, ఆ జాలి క్రమంగా గౌరవంగా మారుతుంది. వ్యాసానికి అసలు బలం ఈ మలుపే. ఆత్మాశ్రయ వ్యాసం, అనగా రచయిత స్వీయానుభవం ఆధారంగా సాగే రచన, తరచుగా ఉపదేశంలోకి జారిపోతుంది. ఓడిపోతూనే ఒళ్లు సరిచేసుకున్న పురుగును చూపిన వుల్ఫ్ ఆ పని చేయలేదు.